బాఖ్ ‘ఇష్ రుఫ్ త్సు దిర్’ (బాఖ్ రచనల జాబితా బీడబ్ల్యూవీలో 639): స్లర్లు ఎవరివి? పెడల్ ఎందుకు ముద్దయిపోతోంది?

మూడో_స్టేవ్
బాఖ్ ఆర్గన్ ముక్కల పుస్తకం ఓర్గెల్‌బ్యూష్‌లైన్‌లోని ‘ఇష్ రుఫ్ త్సు దిర్, హెర్ యేజు క్రిస్ట్’ ప్రిల్యూడ్‌కి (కీర్తన స్వరం మీద అల్లిన ముక్క) మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో సొంత ప్రతి తయారు చేస్తున్నాను. ముందు పెట్టుకున్నది 1878 నాటి బాఖ్ గెజెల్‌షాఫ్ట్ (బాఖ్ రచనలు అచ్చు వేసిన సంఘం) సంపుటం స్కాను. ఇంటర్నెట్‌లో దొరికే మిగతా ప్రతుల్లో ఎవరికి తోచిన స్లర్లు (నోట్లని కలిపి వాయించమనే వంపు గీతలు) వాళ్లు పెట్టుకున్నారు.

చిక్కులు ఇవీ. ఎడమ చేతి సెమీక్వేవర్లన్నిటికీ (పావు బీట్ నోట్లు) నాలుగేసి చొప్పున స్లర్ పెట్టేశాను, సరేనా? పెడల్ (కాళ్లతో వాయించే కీల వరస) క్వేవర్లు (అర బీట్ నోట్లు) విడివిడిగా వినపడాలని ప్రతిదానికీ స్టకాటో చుక్క (తెంచి వాయించమనే గుర్తు) పెట్టాను. రిపీట్ గీత బార్ మధ్యలో పడటంతో అక్కడినుంచి బార్ నంబర్లన్నీ ఒకటి ఎక్కువ చూపిస్తున్నాయి.

వాయిస్తే ఇంకో బాధ. పెడల్ అంతా ఒకే మోతలా కలిసిపోతోంది, పైన కీర్తన స్వరం మునిగిపోతోంది. స్టాప్‌లు (పైపుల వరసలు, పక్కన అంకె పైపు పొడవు అడుగుల్లో, అంకె పెద్దదైతే స్వరం కిందికి) ఇవీ: కుడి చేతికి ప్రిన్సిపల్ 8, ఆక్టేవ్ 4. ఎడమ చేతికి రెండో మాన్యువల్ (చేతుల కీబోర్డు) మీద ప్రిన్సిపల్ 8. పెడల్‌కి సబ్‌బాస్ 16, ఆక్టేవ్ 8, పైగా రెండో మాన్యువల్‌ని దానికి కలిపే కప్లర్. హాల్లో మోత ఆగడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది.

రాతప్రతి_ప్రియ
అచ్చు ప్రతులు పక్కన పెట్టి ముందు బాఖ్ చేతిరాత తెరవండి. బెర్లిన్ స్టాట్స్‌బిబ్లియోటెక్‌లో పీ 283 అనే నంబరుతో ఉంది, బాఖ్ డిజిటల్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. సొంత చేతిరాతే దొరుకుతున్నప్పుడు దాని మీద ఆధారపడిన అచ్చు ప్రతిని మూలంగా తీసుకోవడం ఎందుకు?

స్లర్ల సంగతి: చేతిరాతలో ఉన్నవి మామూలు గీతతో, మీరు కలిపినవి డాష్ గీతతో. మ్యూజ్‌స్కోర్‌లో స్లర్ ఎంచుకుని ప్రాపర్టీస్‌లో లైన్ స్టైల్ మారిస్తే చాలు. లిలీపాండ్‌లో (కమాండ్లతో స్వరాలు రాసే సాఫ్ట్‌వేర్) అయితే డాష్ స్లర్ కమాండ్ మీవి మొదలయ్యేచోట పెట్టి, అయిపోయాక మళ్లీ మామూలుకి తిప్పాలి. వాయించేవాడికి ఒక్క చూపులో ఏది బాఖ్‌ది, ఏది మీది అన్నది తెలియాలి. అది తెలియని ప్రతి ఎంత అందంగా ఉన్నా నమ్మలేం.

స్టకాటో చుక్కలు మాత్రం తీసేయండి.

బెంచీ_మీద
చుక్కల విషయంలో ఒప్పుకోను. నేర్చుకునేవాళ్లకి ప్రతి ఇస్తే చుక్క లేనిచోట లెగాటో (తెంపు లేకుండా కలిపి) వాయిస్తారు, పియానో అలవాటు అలాంటిది. ఏదో ఒక గుర్తు ఉండాల్సిందే.

రాతప్రతి_ప్రియ
@బెంచీ_మీద గుర్తు వద్దనడం లేదు, ఆ గుర్తు వద్దంటున్నాను. ఈనాటి విద్యార్థి చుక్క చూడగానే నోటుని సగానికి తెంచేస్తాడు. జర్మన్ సంగీత రచయిత మార్‌పుర్గ్ 1755లో రాసిన పద్ధతి ప్రకారం మామూలు వాయింపు లెగాటో కాదు, స్టకాటో కాదు. తర్వాతి నోటుకి కాస్త ముందు వేలు లేస్తుంది, అంతే. స్లర్ గానీ చుక్క గానీ ఉందంటే ఆ మామూలు స్పర్శ నుంచి పక్కకి జరగమని అర్థం. గుర్తే లేకపోతే మామూలు స్పర్శే. ఈ మాట పేజీ కింద ఒక్క వాక్యంలో రాయండి, పెడల్ లైన్‌ని మాత్రం శుభ్రంగా వదిలేయండి.

ట్రాకర్
రిజిస్ట్రేషన్ (స్టాప్‌ల ఎంపిక) చూడగానే జబ్బు తెలిసిపోయింది. ఆ కప్లర్ తీసేయండి! రెండో మాన్యువల్‌ని పెడల్‌కి కలిపితే ఎడమ చేతికీ కాలికీ ఒకే రంగు వస్తుంది, మూడు గొంతుల ముక్క రెండు గొంతులైపోతుంది. ఓర్గెల్‌బ్యూష్‌లైన్ మొత్తంలో మూడే గొంతులతో నడిచేది ఇదొక్కటే. తక్కినవన్నీ అంతకన్నా దట్టంగా ఉంటాయి. ఇక్కడ ఒక్కో గొంతుకీ దాని మొహం దానికుండాలి.

ఇలా ప్రయత్నించండి. ఎడమ చేతికి ఫ్లూట్ జాతి స్టాప్‌లు గెడాక్ట్ 8 లేదా రోర్‌ఫ్లోట్ 8, అదొక్కటే. పెడల్‌కి సబ్‌బాస్ 16 తోపాటు మెత్తటి 8. కుడి చేతికి ప్రిన్సిపల్ 8 ఒంటరిగా, ట్రెములెంట్ (శబ్దాన్ని ఊపే పరికరం) నెమ్మదిగా ఊగేదైతే దాంతో. ఆక్టేవ్ 4 అక్కర్లేదు. అది కలిస్తే శబ్దం పెరుగుతుంది గానీ పాట పెరగదు.

కార్నెట్_5
ప్రిన్సిపల్ ఒక దారి. ఇంకో దారి సెస్క్వియాల్టెరా. అంటే 8 అడుగుల ఫ్లూట్ మీద 4, ఆపైన 2 2/3, 1 3/5. ఎడమ చేతికీ దీనికీ రంగు తేడా ఎంతుంటుందంటే, స్వరం ఎంత కిందికి దిగినా మునగదు. ట్రెములెంట్ లేనివాళ్లకి ఇది మేలు. రీడ్ స్టాప్ క్రుమ్‌హార్న్ కూడా సరిపోతుంది, కాకపోతే ఈ నెమ్మది ముక్కలో పొడుగు నోట్ల మీద శ్రుతి కాస్త తేడా ఉన్నా బయటపడిపోతుంది. వాయించే రోజు పొద్దునే రీడ్లు చూసుకోవాలి.

లైప్సిగ్_దగ్గర
బాఖ్ ఈ ముక్కకి రాసింది రెండు మాన్యువల్స్, పెడల్ అన్నంతవరకే. స్టాప్ పేర్లు ఇవ్వలేదు. ఇదే సంపుటంలో బీడబ్ల్యూవీ 600కి మాత్రం మాన్యువల్‌కి ప్రిన్సిపల్ 8, పెడల్‌కి ట్రంపెట్ 8 అని రాశాడు. అంటే పెడల్ అనగానే 16 అడుగులు అనుకునే అలవాటు ఆయనకి లేదు, పాటలో ఆ గొంతు పని ఏమిటో దాన్నిబట్టి పోయాడు.

ఆ కాలం వాళ్ల అభిరుచి తెలుసుకోవాలంటే గేయోర్గ్ ఫ్రీడ్రిష్ కౌఫ్‌మన్ ‘హార్మోనిషె జేలెన్‌లుస్ట్’ చూడండి. 1733 నుంచి లైప్సిగ్‌లో భాగాలుగా అచ్చయింది. కోరల్ (లూథరన్ కీర్తన) ప్రిల్యూడ్లకి స్టాప్‌ల పేర్లతో సహా ఇచ్చాడు. మనం ‘పద్ధతి కాదు’ అనుకునే కలయికలు అందులో చాలా కనిపిస్తాయి.

ట్రాకర్
@లైప్సిగ్_దగ్గర 600లో పెడల్ కీర్తన స్వరాన్ని పాడుతోంది, పైగా కానన్ (ఒక గొంతు వెంట ఇంకోటి అదే స్వరం అందుకోవడం). అందుకే 8. ఇక్కడ పెడల్ అసలైన బాస్. 16 లేకపోతే పునాది ఉండదు. ఎడమ చేయి కిందికి దిగినప్పుడు బాస్‌కి మరీ దగ్గరికి వచ్చేస్తుంది కూడా.

లైప్సిగ్_దగ్గర
దగ్గరికి వస్తే రానీండి, రంగు వేరైతే చెవి విడదీస్తుంది. మూడు సెకన్ల హాల్లో మళ్లీ మళ్లీ కొట్టే క్వేవర్ల కింద 16 పెడితే ఏమవుతుందో మొదటి పోస్టులోనే ఉంది. పెద్ద చెక్క సబ్‌బాస్ పైపు నోరు విప్పడానికే సమయం తీసుకుంటుంది. అది పూర్తిగా పలికేలోపు మీరు కాలు ఎత్తేస్తే ‘బ్’ మాత్రం వినపడుతుంది, ఎత్తకపోతే మోత. 8 ఒక్కదాంతో వాయించి చూడమనండి.

మూడో_స్టేవ్
కప్లర్ తీసి రెండూ వాయించి చూశాను, ఫోన్ హాలు మధ్యలో బెంచీ మీద పెట్టి రికార్డ్ చేశాను. 8 ఒక్కటే ఉంటే క్వేవర్లు స్పష్టం, కానీ పొడుగు వాక్యాల చివర గాలి తీసేసినట్టు ఉంది. 16 ఉంటే నిండుగా ఉంది, కొట్టుళ్లు ఇంకా కలుస్తున్నాయి. ఎడమ చేతి గెడాక్ట్ మాత్రం అద్భుతం, ఇన్నాళ్లూ ఆ లైన్ నాకే వినపడలేదు.

పెడల్_మడమ
16 ఉంచండి, కాలు మార్చండి. అసలు విషయం అక్కడుంది.

మళ్లీ మళ్లీ అదే నోటు కొట్టేటప్పుడు నోటు పొడవుకన్నా మధ్య ఖాళీ ముఖ్యం. క్వేవర్ నిమిషానికి 66 అనుకుందాం. ఒక్కోటి దాదాపు 0.9 సెకను. పొడి గదిలో నోటు పట్టి ఉంచేది నాలుగింట మూడు వంతులు, ఖాళీ ఒక వంతు. మూడు సెకన్ల హాల్లో సగానికి సగం దాకా పోవచ్చు. కన్సోల్ (కీలు ఉండే చోటు) దగ్గర మీకు అది మరీ తెగినట్టు వినపడుతుంది, కింద కూర్చున్నవాళ్లకి కాదు. మీరు ఫోన్ మధ్యలో పెట్టి విన్నారు చూడండి, ఆ పని వదలొద్దు. ఖాళీ ఎంతుండాలో ఆ రికార్డింగే చెప్పాలి.

కాలు కదిలేది చీలమండ దగ్గర, మోకాలి దగ్గర కాదు. బొటనవేలి వైపు షూ కొన కీ మీదినుంచి లేవకూడదు. యాంత్రిక ఆర్గన్ అయితే కీ పైభాగంలో చిన్న ఎదురు తగులుతుంది, ప్యాలెట్ (పైపుకి గాలి వదిలే మూత) తెరుచుకునే చోటు అది. కీని ఆ చోటు దాటి పైకి రానిచ్చి మళ్లీ నొక్కితే చాలు. అంతకన్నా ఎత్తితే కాలు చప్పుడు వస్తుంది, నోట్ల బరువు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. ఆ చోటు దాటనివ్వకపోతే ప్యాలెట్ మూతపడదు, అప్పుడు రెండు నోట్లు అతుక్కుని ఒకటైపోతాయి. మీకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

అదే నోటు నడుస్తున్నంతసేపూ అదే కాలు. రెండో కాలు ఆలోగా తర్వాతి కీ మీదికి వెళ్లి కూర్చోవాలి. రెండు కాళ్లూ మార్చి మార్చి ఒకే నోటు కొడితే ఎడమ, కుడి బరువు తేడా వినపడిపోతుంది.

బెంచీ_మీద
మడమ వాడొచ్చా? హ్యాండిల్ చూసి అడుగుతున్నా.

పెడల్_మడమ
ఈ ముక్కలో వద్దు :) బాస్ ఎక్కువగా పక్కపక్క అడుగులే, రెండు కొనలతో హాయిగా అయిపోతుంది. మడమ పెడితే లెగాటో తనంతట తనే వచ్చి కూర్చుంటుంది, అది మనకి అక్కర్లేదు.

సెమీక్వేవర్
బార్ నంబర్ల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పాట క్రోచెట్ (ఒక బీట్) ఎత్తుగడతో, అంటే మొదటి పూర్తి బార్‌కి ముందే, మొదలవుతుంది కాబట్టి రిపీట్ గీత మూడో బీట్ తర్వాత పడుతుంది. ఆ బార్‌ని రెండు ముక్కలుగా విడగొట్టాలి. మొదటిదానికి మెజర్ ప్రాపర్టీస్‌లో అసలు నిడివి 3/4, రెండోదానికి 1/4. రెండో ముక్కకి ‘ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ బార్ కౌంట్’ టిక్ పెట్టండి. మొట్టమొదటి ఎత్తుగడ బార్‌కి కూడా అదే టిక్. నంబర్లు సర్దుకుంటాయి. టైమ్ సిగ్నేచర్ మార్చి దాచేయడం అనే అడ్డదారి తొక్కకండి, బీమ్ గుంపులన్నీ చెదిరిపోతాయి.

లిలీపాండ్‌లో ఎత్తుగడకి పార్షియల్ కమాండ్ ఇచ్చి, రిపీట్ బ్లాక్ లోపలే ఎత్తుగడతో సహా పెడితే నంబర్లు తిన్నగా వస్తాయి.

రాతప్రతి_ప్రియ
చేతిరాత తెరిచాక ఎదురయ్యే మొదటి ఇబ్బంది క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు). కుడి చేయి సొప్రానో క్లెఫ్‌లో ఉంటుంది, కింది గీత మీద మధ్య సీ. ట్రెబుల్ అనుకుని చదివితే ప్రతి నోటూ మూడో స్వరం అంత పైకి పోతుంది. మనసులో మార్చుకుంటూ ఎక్కించకండి. సాఫ్ట్‌వేర్‌లో ముందు సొప్రానో క్లెఫే పెట్టండి, కాగితం మీద ఏ గీత మీద కనిపిస్తే ఆ గీత మీదే ఎక్కించండి, మొత్తం అయ్యాక క్లెఫ్‌ని ట్రెబుల్‌గా మార్చండి. స్వరాలు అలాగే ఉంటాయి, కనిపించే చోటు మారుతుంది. ఎడమ చేతికీ అంతే.

ఇంకోటి. ఈ సంపుటంలో చాలా ముక్కలు రెండు స్టేవ్‌ల (ఐదు గీతల వరసల) మీదే ఇరికించి ఉంటాయి, పెడల్ నోట్లు కింది స్టేవ్‌లోనే. కాగితం చాలనిచోట జర్మన్ అక్షరాల టాబ్లేచర్‌లోకి (స్వరాల్ని అక్షరాలతో రాసే పద్ధతి) దిగిపోయాడు కూడా. మూడో స్టేవ్ విడిగా వేయడం మీ నిర్ణయం అవుతుంది, అది నోట్స్‌లో చెప్పాలి.

స్వరలిపి
క్లెఫ్ కన్నా ప్రమాదం యాక్సిడెంటల్స్ (నోటు పక్కన విడిగా వేసే షార్ప్, ఫ్లాట్, నేచురల్ గుర్తులు). ఆ రోజుల్లో నేచురల్, ఫ్లాట్ గుర్తు ఆ నోటుకి, వెంటనే తిరిగొచ్చే అదే నోటుకి వర్తిస్తుంది. బార్ చివరిదాకా అమలులో ఉండాలన్న నియమం లేదు. మన సాఫ్ట్‌వేర్‌ది బార్ చివరిదాకా అన్న లెక్క. ఎఫ్ మైనర్‌లో ‘ఈ నేచురల్’ వచ్చి, అదే బార్‌లో తర్వాత మామూలు ‘ఈ ఫ్లాట్’ వస్తే మూలంలో గుర్తు ఉండకపోవచ్చు. మనం ఫ్లాట్ వేయాలి. లేకపోతే వాయించేవాడు నేచురల్ వాయిస్తాడు, అది చెవికి మరీ తప్పుగా కూడా అనిపించదు, అందుకే ఎవరూ పట్టుకోరు.

కీ సిగ్నేచర్ (లైన్ మొదట్లో వేసే షార్ప్, ఫ్లాట్ల గుంపు) కూడా చూసుకోండి. బరోక్ మైనర్ ముక్కలకి ఒక ఫ్లాట్ తక్కువ వేయడం మామూలు, ఎఫ్ మైనర్‌కి మూడే ఫ్లాట్లు పెట్టి డీ ఫ్లాట్‌ని వచ్చిన ప్రతిచోటా విడిగా రాస్తారు. మీరు నాలుగు ఫ్లాట్లు వేస్తే ఆ విడి ఫ్లాట్లు అనవసరం అవుతాయి, డీ నేచురల్ ఉన్నచోట కొత్తగా నేచురల్ వేయాల్సి వస్తుంది. ఈ మార్పిడిలోనే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. ఎడమ చేతి సెమీక్వేవర్లలోని ప్రతి డీనీ వరసగా వేలు పెట్టి చూడండి.

కాకినాడ_కీస్
స్కాన్ నుంచి ఆటోమేటిగ్గా నోట్లు ఎక్కించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా, ఇంత కష్టం ఎందుకు?

స్వరలిపి
@కాకినాడ_కీస్ చేతిరాతకి అవి పనికిరావు. అచ్చు ప్రతికి పనిచేస్తాయి, కానీ పాత అచ్చులో నేచురల్‌ని షార్ప్ అనుకుంటాయి, చుక్కని వదిలేస్తాయి, టైని స్లర్ చేస్తాయి. ఇంత చిన్న ముక్కకి చేత్తో ఎక్కించడమే తొందరగా అవుతుంది. ఎక్కిస్తున్నప్పుడే సగం ముక్క వచ్చేస్తుంది కూడా.

రాతప్రతి_ప్రియ
ప్రూఫ్ చూసే పద్ధతి: మూడు గొంతుల్నీ మూడు విడి కాగితాల మీద ప్రింట్ తీయండి. ఒకరు మూలం చూసి గట్టిగా చదవాలి, ఇంకొకరు మీ ప్రతిలో పెన్సిల్‌తో టిక్ కొట్టాలి. ఎక్కించినవాడు టిక్ కొట్టకూడదు, వాడి కన్ను వాడు అనుకున్నదే చూస్తుంది. తేడా కనిపించిన ప్రతిచోటా ఒక వరస రాయండి: బార్, స్టేవ్, ఎన్నో నోటు, మూలంలో ఏముంది, మీరు ఏం వేశారు. ఇంత చిన్నదానికి అరపేజీ దాటదు.

గుంటూరు_కాయిర్
నా ప్రశ్న వేరు. మన చర్చిల్లో చాలాచోట్ల ఉండేది 61 కీల కీబోర్డు. పెడల్ లేదు, రెండో మాన్యువల్ లేదు. మాది లూథరన్ చర్చే, 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి ఉన్న సంప్రదాయం. లూథరన్ కోరల్ ప్రిల్యూడ్ ఆరాధనకి ముందు వాయించాలని ఉండదా? పెడల్ లేకుండా ఎలా?

లైప్సిగ్_దగ్గర
@గుంటూరు_కాయిర్ ఓర్గెల్‌బ్యూష్‌లైన్ ముఖపత్రం మీద బాఖ్ స్వయంగా రాసుకున్నాడు: నేర్చుకునే ఆర్గనిస్టుకి కోరల్‌ని రకరకాలుగా అల్లడం చూపించడానికి, పెడల్‌లో గట్టిపడటానికి అని. పెడల్‌ని పూర్తిగా తప్పనిసరి చేశానని కూడా చెప్పాడు. 164 కీర్తనలకి పేజీలు కేటాయించి 46 దగ్గర ఆగిపోయిన పుస్తకం, అందులో ప్రతిదానికీ పెడల్ ఉంది. పెడల్ తీసేస్తే అది వేరే ముక్క.

కార్నెట్_5
అలా తలుపు వేసేస్తే ఎలా? పియానిస్టు బుసోనీ ఈ ముక్కని పియానోకి మలిచి 1898లో అచ్చు వేయించాడు, ఇంకో పియానిస్టు కెంప్ఫ్ ఇంకోలా మలిచాడు. పియానో మీద ఈ ముక్క నిలబడింది కదా.

గుంటూరు గారు, కీబోర్డు ఒకటే ఉంటే ఇద్దరు వాయించండి. మొదటివారు రెండు చేతులతో పై రెండు గొంతులూ, రెండోవారు ఎడమ పక్క కూర్చుని బాస్ ఒక్కటే. కీబోర్డ్‌లో స్ప్లిట్ ఉంటే అడుగు రెండు ఆక్టేవ్‌లకి వేరే టోన్ పెట్టండి, బాస్‌కి ఆర్గన్ 16 గానీ చెలో గానీ. స్ప్లిట్ పాయింట్ ఎడమ చేతి అతి కింది నోటుకి ఒక స్వరం దిగువన ఉండాలి. బాస్ దాన్ని దాటి పైకి వచ్చేచోట్ల ఒక ఆక్టేవ్ కిందికి దించి రాసుకోండి. స్ట్రింగ్స్ టోన్ మాత్రం వద్దు, దాని శబ్దం నెమ్మదిగా మొదలవుతుంది, సెమీక్వేవర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి.

లైప్సిగ్_దగ్గర
ఇద్దరు వాయించే పద్ధతి నాకూ నచ్చింది. నోట్లు ఏవీ పోవు. అదే మీ ప్రతిలో ‘నాలుగు చేతులకి మలిచినది’ అని పైన వేయండి చాలు.

గుంటూరు_కాయిర్
అలాగే చేస్తాం. బాస్ వాయించడానికి మా టెనర్ కుర్రాడు ఉన్నాడు. ఇంకోటి, ప్రిల్యూడ్ అవగానే సంఘం అదే కీర్తన పాడాలంటే నాలుగు గొంతుల కూర్పు ఎక్కడ దొరుకుతుంది?

లైప్సిగ్_దగ్గర
బాఖ్ కాంటాటా (గాయకులకీ వాద్యాలకీ రాసిన ఆరాధన సంగీతం) 177 చివరి కోరల్. 1732లో ఇదే కీర్తన మీద రాసినది. అది జీ మైనర్‌లో ఉంది, ప్రిల్యూడ్ ఎఫ్ మైనర్. వెంటనే పాడిస్తే జనం తడబడతారు, కోరల్‌ని ఒక టోన్ కిందికి దించి ప్రింట్ తీయండి. 1715 నాటి కాంటాటా 185 చివర్లోనూ ఇదే కోరల్ ఉంది.

బెంచీ_మీద
కీర్తన మాటలు స్వరం కింద వేయడం గురించి ఏమంటారు? యోహాన్ అగ్రికోలా రాసిన పంక్తులు. ‘ప్రభువైన యేసు క్రీస్తూ, నిన్నే పిలుస్తున్నాను, నా మొర ఆలకించమని వేడుకుంటున్నాను’ అన్నది మొదటి రెండు పాదాల భావం. నాకైతే మాటలు ఉంటే ఊపిరి ఎక్కడ తీయాలో వేళ్లకి తెలిసిపోతుంది.

రాతప్రతి_ప్రియ
వేయండి, వంకర అక్షరాల్లో చిన్నగా. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. కుడి చేతి లైన్‌లో అసలు కీర్తన స్వరాలేవో, మధ్యలో బాఖ్ అల్లిన చిన్న నోట్లేవో అక్షరం పడిన చోటునిబట్టి తెలిసిపోతుంది. అక్షరం పడిన నోటు మీద బరువు, అల్లిక తేలిగ్గా.

పాదం చివర కుడి చేయి ఊపిరి తీయాలి, ఎడమ చేయి ఆగకూడదు. చివరి నోటు నుంచి ఒక సెమీక్వేవర్ అంత తీసుకుని చేయి ఎత్తండి, ఎడమ చేయి, కాలు నడుస్తూనే ఉండాలి. ఇది విడిగా సాధన చేయాల్సిన పని. మొదట్లో కుడి చేయి లేవగానే కాలు కూడా లేచిపోతుంది.

కార్నెట్_5
ఎడమ చేతి స్లర్ల అర్థం గురించి ఒక మాట. సామ్యుయెల్ షైట్ 1624 నాటి టాబులతూరా నోవాలో నాలుగేసి నోట్లకి స్లర్ పెట్టి దాన్ని ‘ఇమిటాట్సియో వియోలిస్టికా’ అన్నాడు, వయొల వాయించేవాళ్ల విల్లు పోకడని అనుకరించడం. ఒక్క విల్లు లాగుడులో నాలుగు నోట్లు. మొదటిది కాస్త ఆనించి, మిగతా మూడు దాని నీడలో. నాలుగోదాని తర్వాత వెంట్రుకవాసి ఖాళీ. ఇది వేళ్లతో చేయాలంటే గుంపులో మొదటి నోటుకి వేలు కాస్త ఆలస్యంగా లేవాలి, నాలుగోదానికి కాస్త ముందే లేవాలి. నాలుగూ సమానంగా కొడితే కుట్టు మిషనే.

మూడో_స్టేవ్
ఇది ఇప్పుడే చేసి చూశాను. ఎడమ చేయి అలా నడిస్తే పెడల్ కూడా తేలికవుతోంది. సెమీక్వేవర్ గుంపు రెండు క్వేవర్ల మీద పడుతుంది కదా, మొదటి క్వేవర్ కాస్త పొడుగ్గా, రెండోది కాస్త పొట్టిగా వాయిస్తే మోత సగం తగ్గింది.

పెడల్_మడమ
అదే! రెండూ ఒకేలా కొట్టక్కర్లేదు. బలమైన బీట్‌కి నాలుగింట మూడు వంతులు, బలహీనమైనదానికి సగం. మూడు సెకన్ల హాల్లో 16 పెట్టి కూడా ఇలా నెగ్గుకురావచ్చు.

లైప్సిగ్_దగ్గర
సరే, అలా వాయించేవాడికైతే 16 ఇస్తాను. మిగతావాళ్లకి 8.

ట్రాకర్
శ్రుతి గురించి కూడా చెప్పుకోవాలి. డిజిటల్ ఆర్గన్ మీదో హాప్ట్‌వెర్క్ (కంప్యూటర్‌లో ఆర్గన్ పలికించే సాఫ్ట్‌వేర్) మీదో వాయించేవాళ్లు మెనూలో మీన్‌టోన్ అనే పాత శ్రుతి పద్ధతి పెట్టి ఈ ముక్క మొదలుపెడితే చెవులు మూసుకోవాల్సి వస్తుంది. క్వార్టర్ కామా మీన్‌టోన్‌లో ఏ ఫ్లాట్ లేదు, ఉన్నది జీ షార్ప్, దానికన్నా 41 సెంట్లు (సెంటు అంటే సెమీటోన్‌లో నూరో వంతు) కింద. ఎఫ్ నుంచి దానికి దూరం 269 సెంట్లు. శుద్ధమైన మైనర్ థర్డ్ 316. ఎఫ్ మైనర్ తొలి తీగే విరిగిపోతుంది. వెర్క్‌మైస్టర్ 3 అనే శ్రుతి పెట్టండి, అందులో అదే దూరం 294. ఈనాటి ఈక్వల్ శ్రుతిలో ఉండే 300కన్నా కాస్త ఇరుకు, అందుకే ఎఫ్ మైనర్‌కి ఆ దిగులు రంగు వస్తుంది. ఈ ముక్కకి అది సరిగ్గా అతుకుతుంది.

హాప్ట్‌వెర్క్‌లో ఇంకో జాగ్రత్త. ఆడియో బఫర్ 48 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 ఉంటే 21 మిల్లీసెకన్లు అదొక్కటే తింటుంది. పెడల్ ఖాళీలని చేతితో, కాలితో కొలుస్తున్నప్పుడు అది అడ్డం పడుతుంది. కంప్యూటర్ భరించగలిగితే 256కి దించండి, 5 మిల్లీసెకన్లు.

సెమీక్వేవర్
ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండు వేగంగా మార్చి మార్చి వాయించడం) గుర్తులు పైస్వరంతో మొదలుపెట్టాలా?

రాతప్రతి_ప్రియ
అవును. 1720లో పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమన్ కోసం మొదలుపెట్టిన పుస్తకంలో బాఖ్ ఇచ్చిన పట్టిక అలాగే చూపిస్తుంది, ట్రిల్ బీట్ మీద పైస్వరంతో. ఈ వేగంలో నాలుగు నోట్లు చాలు. మ్యూజ్‌స్కోర్ ప్లేబ్యాక్ ఎలా వాయించినా పట్టించుకోవద్దు, గుర్తు మాత్రం మూలంలో ఉన్నదే వేయండి. విడదీసి చిన్న నోట్లుగా రాస్తే వాయించేవాడు వాటిని లెక్కపెట్టి వాయిస్తాడు. మీరు సొంతంగా కలిపిన ట్రిల్ అయితే చిన్న సైజులో, బ్రాకెట్ల మధ్య.

బెంచీ_మీద
వేగం? కొందరు మరీ ఈడ్చేస్తారు. క్వేవర్ 66 నుంచి 72 మధ్య నాకు సరిపోతుంది. అంతకన్నా నెమ్మదైతే పాదం మొత్తం ఒక్క ఊపిరిలో పాడలేం.

పెడల్_మడమ
వేగాన్ని హాలునిబట్టి కూడా చూడండి. మోత ఎక్కువైతే నెమ్మది చేయాలనిపిస్తుంది, కానీ ఈ ముక్కలో ఖాళీలు పెంచితే వేగం మార్చక్కర్లేదు. చివర్లో నెమ్మది చేసేది ఆఖరి బార్‌లోనే, అదీ ఎడమ చేయి ఈడిస్తే కాలు దాని వెంట రావాలి. కాలు ముందు ఈడిస్తే ఆగిపోతున్నట్టు వినపడుతుంది.

మూడో_స్టేవ్
కొత్త ప్రతి సిద్ధం చేస్తున్నాను. చుక్కలు తీసేశాను, స్పర్శ గురించి ఒక వాక్యం కింద వేశాను, నా స్లర్లు డాష్‌లోకి మార్చాను, మాటలు వేశాను, ప్రతి డీ చూశాను. రెండుచోట్ల నేచురల్ లేకుండానే వదిలేసి ఉన్నాను. బార్ నంబర్లు సర్దుకున్నాయి. మిగిలింది పేజీ. ఏ4 నిలువుగా పెడితే ఆఖరి రెండు బార్లు రెండో పేజీకి పోతున్నాయి, పేజీ తిప్పడానికి చేయి ఖాళీ లేదు.

సెమీక్వేవర్
అడ్డంగా తిప్పండి, ఆర్గన్ పుస్తకాలకి అదే అలవాటు. బాఖ్ పుస్తకమూ అడ్డమే. మ్యూజ్‌స్కోర్‌లో స్టాఫ్ స్పేస్ మామూలుగా 1.75 మిల్లీమీటర్లు ఉంటుంది, 1.6కి దించండి, అంతకన్నా వద్దు, కన్సోల్ దూరం నుంచి కనపడదు. ఎడమ, కుడి మార్జిన్లు 10 మిల్లీమీటర్లు. అప్పటికీ చాలకపోతే రెండు పేజీలు ఎదురెదురుగా వచ్చేలా వేయండి, విరుపు మాత్రం పాదం చివర పడాలి. ఎడమ చేతి గుంపు మధ్యలో ఎక్కడా లైన్ విరగనివ్వొద్దు.

మూడో_స్టేవ్
1.6తో అడ్డంగా పెడితే రెండు ఎదురు పేజీల్లో సరిపోయింది, రిపీట్ భాగం మొత్తం ఎడమ పేజీలోనే ఉంది. పీడీఎఫ్ రేపు ఇక్కడే పెడతాను. @రాతప్రతి_ప్రియ గారూ, టిక్ కొట్టే మనిషి కావాలన్నారు కదా, మీరే కొడతారా?

రాతప్రతి_ప్రియ
గొంతులు విడివిడిగా మూడు ఫైళ్లు పంపండి. పెడల్‌తో మొదలుపెడతాను.

గుంటూరు_కాయిర్
నాలుగు చేతుల ప్రతికి బాస్ విడి కాగితం కూడా కావాలి, అదొకటి కలపండి.